వేరుశనగ గళ్ళ అట్లు, మామిడిపండు గుజ్జు



ఈ పూట మీకు ఒక వంటకం సంగతి చెప్పదలిచాను. సేద్యం మాటల మధ్య వంట ఎందుకని కొందరు అనుకోవచ్చు. పంట ఇంటికి చేరగానే సేద్యం పని ముగిసిపోయిందని మనం అనుకుంటాం గాని, ఆ పంటలో ఏ గింజ అమ్మకానికి పోతున్నది, ఏ గింజ మన పిల్లల కంచంలోకి వస్తున్నది అని చూసుకోవడం కూడా సేద్యంలో భాగమే. ఇవాళ చెప్పే వంటకంలో బియ్యం లేదు, గోధుమ లేదు, రాగి, జొన్న లేవు. అంతా వేరుశనగ గింజలు, కాస్త జీడిపప్పు, కోడిగుడ్లు, అరటిపండు. పైన వేసుకోవడానికి మామిడిపండు గుజ్జు.

ముందుగా ఈ వంటకం ఎక్కడిదో రెండు మాటలు చెబుతాను. దీన్ని వాఫెల్ అంటారు. బెల్జియం, హాలండు ప్రాంతాలలో చాలా శతాబ్దాలుగా చేసుకుంటున్న తినుబండారం. పొడుగు పిడులున్న రెండు ఇనుప పలకల మధ్య పిండి పోసి, మూసి, నిప్పుల మీద కాలుస్తారు. పలకల మీద గళ్ళు చెక్కి ఉంటాయి గనుక అట్టు మీద కూడా గళ్ళు పడతాయి. వలస పోయినవారితో అది అమెరికా చేరింది. అక్కడ 1869లో పొయ్యి మీద పెట్టుకొని తిప్పుకొనే వాఫెల్ పెనానికి పేటెంటు కూడా ఇచ్చారు. వాళ్ళు మామూలుగా గోధుమపిండితో చేస్తారు. ధాన్యం తినని వారి కోసం గింజల పిండితో చేసే రకం కూడా ఉన్నది. మన నోటికి తేలికగా ఉండేటట్టు దీన్ని గళ్ళ అట్టు అందాం.

ధాన్యం లేకుండా చెయ్యడం ఎందుకు అని మీరు అడుగుతారు. మూడు కారణాలు చెబుతాను.

మొదటిది, మన భోజనంలో ధాన్యానికి లోటు లేదు. లోటు ఉన్నది మాంసకృత్తులకు. తెల్లగా మరపట్టిన బియ్యంలో నూటికి సుమారు 7 పాళ్ళు మాంసకృత్తులుంటే, వేరుశనగ గింజలో 25 పాళ్ళు ఉన్నవి. జీడిపప్పులో సుమారు 20 పాళ్ళు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం తినే పిల్లవాడికి సాయంత్రం కూడా బియ్యప్పిండి చిరుతిండే పెడితే, కడుపు నిండుతుంది గాని ఒంటికి కావలసినది అందదు.

రెండవది, కొందరికి గోధుమ పడదు. గోధుమలోని జిగురు పదార్థం పేగులను పాడుచేసే జబ్బు ఒకటి ఉన్నది, దాన్ని సీలియాక్ అంటారు. హాలండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికె ఈ జబ్బుకు, గోధుమకు ఉన్న సంబంధాన్ని పరిశీలించి 1950లో తన సిద్ధాంత గ్రంథంలో రుజువులతో చూపాడు. ఆ జబ్బు ఉన్నవారు గోధుమ, బార్లీ, రై మానాలి గాని, బియ్యం, జొన్న, రాగి తినవచ్చు. కాబట్టి వారికి ధాన్యమంతా మానవలసిన పని లేదు. అయినా ఈ అట్లు వారికి కూడా నిక్షేపంగా పనికివస్తాయి.

మూడవది, ఏకాదశి వంటి రోజులలో ధాన్యం ముట్టని ఇళ్ళు మనకు చాలా ఉన్నవి. వారి కోసం గుడ్డు లేకుండా చేసే పద్ధతి కూడా చివర చెబుతాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అట్టు అంతా గింజలతోనే చేస్తున్నాం గనుక, గింజ ఎటువంటిదైతే అట్టు అటువంటిదే. గోధుమపిండిలో గుప్పెడు పల్లీలు కలిపినప్పుడు ఒక చెడ్డ గింజ పడినా అది నూటికి ఒక వంతులో ఒక వంతు. ఇక్కడ అట్లా కాదు. మరి మన ఇళ్ళలో జరుగుతున్నది ఏమిటి? కల్లంలో కాయలు ఎండబెట్టి, నిండుగా, నిగనిగలాడే కాయలన్నీ బస్తాల కెత్తి మండీకి పంపుతాం. నొక్కు కాయలు, పగిలినవి, నల్లబడినవి, కోత అయినాక మట్టిలో మిగిలితే పిల్లలు ఏరుకొచ్చిన పరిగె కాయలు, ఇవన్నీ ఒక తట్టలో పోసి ఇంట్లో వాడకానికి ఉంచుతాం. పొదుపు అనుకొనే చేస్తాం. కాని ఆ తట్టలోనే విషం ఉండే అవకాశం అన్నిటికంటె ఎక్కువ.

ఈ మాట భయపెట్టడానికి చెప్పడం లేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చనిపోయినవి. కారణం ఏమిటో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. వెతగ్గా వెతగ్గా, వాటికి మేపిన దాణాలో బ్రెజిల్ నుంచి తెప్పించిన వేరుశనగ చెక్క ఉన్నదనీ, ఆ చెక్కలో ఒక బూజు విడిచిన విషం ఉన్నదనీ తేలింది. ఆ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. దాని విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి కడుపులోకి పోతే కాలేయానికి క్యాన్సర్ తెచ్చే పదార్థమని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఇంకొక చిక్కు ఏమిటంటే, వేయించినా, ఉడికించినా, కాల్చినా ఆ విషం పూర్తిగా పోదు. పొయ్యి మీద చేసేదేదీ దానికి విరుగుడు కాదు. కల్లంలోనూ, చేటలోనూ జాగ్రత్తపడటమే విరుగుడు.

ఆ జాగ్రత్తలు ఏమిటో వరసగా చెబుతాను.

కాయ ఊరే దశలో బెట్ట తగిలితే చేనులో ఉండగానే ఈ బూజు పడుతుంది. రాయలసీమ మెట్ట చేలలో ఇది మామూలు. నీటి వసతి ఉంటే ఆ దశలో ఒక తడి ఇవ్వండి. కాయ ఊరిన తరువాత గుద్దలి, పార తగిలి కాయకు గాయం కాకుండా చూసుకోండి. ఎండి చచ్చిన మొక్కల కాయలను మంచి కాయలలో కలపవద్దు. కోత సకాలంలో చెయ్యండి. పీకిన మొక్కలను కాయలు పైకి వచ్చేటట్టు తిరగేసి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఆ తరువాత కాయలు కోసి, ఊపితే గింజ గలగలమనే దాకా ఎండబెట్టండి. తేమ నూటికి 8 లేక 9 పాళ్ళకు మించకూడదు. గోతాలను నేల మీద కాక, చెక్క బల్లల మీద, గోడకు ఎడంగా పేర్చండి.

మరతో కాయలు ఒలిచేటప్పుడు గింజ పగలకుండా ఉంటుందని కొందరు కాయల మీద నీళ్ళు చల్లుతారు. ఇంటి వాడకానికి ఉంచుకొనే కాయలకు ఆ పని బొత్తిగా చెయ్యవద్దు. ఎండిన కాయకు మళ్ళీ తడి తగిలిందంటే బూజును పిలిచి పీట వేసినట్టే. కాయలు కాయలుగానే నిలవ చేసి, వారానికి కావలసినవి మాత్రం చేత్తో ఒలుచుకోండి.

ఒలిచిన గింజలను చేటలో పోసి వెలుతురులో కూర్చొని ఏరండి. ముడతలు పడ్డవి, రంగు మారినవి, పొర చిట్లినవి, మొలక వచ్చినవి, పసుపుపచ్చ లేక ఆకుపచ్చ బూజు కనిపించినవి తీసివేయండి. వేయించి పొట్టు తీసిన తరువాత మరొకసారి ఏరండి. మంచి గింజ ఒకే తీరున లేత బంగారు రంగులో ఉంటుంది. చెడినది గోధుమరంగుకో నలుపుకో తిరిగి, విడిగా కనిపిస్తుంది. తింటుండగా ఏ గింజైనా చేదు తగిలితే మింగవద్దు, ఉమ్మివేయండి. పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పి పెట్టండి.

ఏరివేసిన గింజలను పాడి గేదెకో, కోళ్ళకో వేద్దామని అనుకోవద్దు. గేదె తిన్న విషం కొంత మార్పుతో పాలలోకి వస్తుంది, ఆ పాలు మళ్ళీ మన పిల్లలే తాగుతారు. గానుగ ఆడించినా ఎక్కువ భాగం చెక్కలో, కొంత ఆ నూనెలో మిగిలిపోతుంది. ఊరికి దూరంగా గుంట తీసి పూడ్చివేయడమే మంచిది. నష్టమని మనసుకు తోస్తుంది, నిజమే. కాని బాగా ఎండిన పంటలో ఏరివేతకు వచ్చేది కొద్దే.

మంచి గింజలు ఇంటికి ఉంచుకుంటే ఎంత రాబడి పోతుందో కూడా లెక్క చూద్దాం. నేను చెప్పబోయే వంటకానికి 150 గ్రాముల గింజలు కావాలి. కిలో కాయలు ఒలిస్తే సుమారు 700 గ్రాముల గింజలు వస్తాయి గనుక, దీనికి పావుకిలో లోపు కాయలు సరిపోతాయి. వారానికి రెండుసార్లు చొప్పున ఏడాది పొడుగునా చేసుకున్నా 25 కిలోల కాయలు దాటవు. అంటే ఒక బస్తా లోపు. పంట అమ్మేముందు మేలైన కాయలున్న బస్తా ఒకటి చూసి, దాని మీద గుర్తు పెట్టి, ఇది ఇంటిది అని పక్కన ఉంచండి. ఈ పని కల్లంలోనే జరగాలి. కాటా మీదికి ఎక్కిన తరువాత మనసు ఒప్పదు.

ఇక వంట. అక్కలారా, కొలతలు గుర్తు పెట్టుకోండి. వేరుశనగ గింజలు 150 గ్రాములు, అంటే ఒక పెద్ద గ్లాసెడు. జీడిపప్పు 50 గ్రాములు, గుప్పెడు. కోడిగుడ్లు 3. బాగా మగ్గిన అరటిపండు 1. కాచి చల్లార్చిన పాలు పావు గ్లాసు. చిటికెడు ఉప్పు, రెండు ఏలకులు, పావు చెంచా వంటసోడా, ఒక చెంచా నిమ్మరసం. పెనానికి రాయడానికి కాస్త నెయ్యి. దీనితో చిన్నవి 8 అట్లు అవుతాయి.

జీడిపప్పుకు గుండు పప్పే కొననక్కరలేదు. పలాస, వేటపాలెం వంటి చోట్ల పప్పును పరిమాణాన్ని బట్టి వేరు చేస్తారు. గుండు ధర ఎక్కువ, ముక్కకు, నూకకు తక్కువ. పిండి చేసుకొనేదానికి ముక్క చాలు, బలంలో తేడా లేదు. జీడితోట ఉన్నవారు మాత్రం పచ్చి జీడిగింజను ఇంట్లో కొట్టి పప్పు తీసే ప్రయత్నం చెయ్యవద్దు. పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది.

వేరుశనగ గింజలను సన్నని సెగ మీద, పొట్టు ఊడే దాకా వేయించండి. మాడనివ్వవద్దు. పూర్తిగా చల్లారిన తరువాత పొట్టు నలిచి, చెరిగి, ఏరండి. ఇప్పుడు జీడిపప్పుతో కలిపి పిండి కొట్టాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది. మిక్సీని ఆపకుండా తిప్పితే గింజలోని నూనె బయటికి వచ్చి పిండి కాస్తా ముద్ద అవుతుంది. వేరుశనగ గింజలో దగ్గర దగ్గర సగం నూనే గదా. కాబట్టి రెండు క్షణాలు తిప్పడం, ఆపడం, కలియబెట్టడం, మళ్ళీ తిప్పడం, ఇట్లా చెయ్యండి. రోట్లో దంచేవారు కొద్దికొద్దిగా వేసి దంచి జల్లించుకోండి. సన్నరవ్వ పాటి మెత్తదనం వస్తే చాలు. ఈ పిండి నిలవ ఉంచితే ముక్కవాసన వస్తుంది గనుక ఏ పూటకు ఆ పూటే కొట్టుకోవాలి.

గుడ్లలో పచ్చసొన, తెల్లసొన వేరు చెయ్యండి. పచ్చసొనలో అరటిపండు మెత్తగా మెదిపి, పాలు, ఉప్పు, ఏలకుల పొడి కలిపి, గింజల పిండి వేసి కలియబెట్టి పది నిమిషాలు నాననివ్వండి. ఇడ్లీ పిండి పాటి జారుగా ఉండాలి. గట్టిగా ఉంటే ఒక చెంచా పాలు పొయ్యండి. తెల్లసొనను వేరే గిన్నెలో కవ్వంతో నురగ నిలబడేదాకా గిలకొట్టండి. గోధుమపిండిలో జిగురు ఉంటుంది గనుక అట్టు దానంతట అదే నిలబడుతుంది. మన పిండిలో ఆ జిగురు లేదు. గుడ్డే దాన్ని పట్టి ఉంచుతుంది, ఆ నురగే దాన్ని పొంగిస్తుంది. పొయ్యి మీద పెనం కాగిన తరువాతనే పిండిలో సోడా, నిమ్మరసం వేసి, నురగను మెల్లగా కలపండి. బజారులో దొరికే బేకింగ్ పౌడరులో తరచుగా మొక్కజొన్న పిండి కలిపి ఉంటుంది. ధాన్యం బొత్తిగా వద్దనుకొనేవారికి సోడా, నిమ్మరసమే మేలు.

వాఫెల్ పెనం ఉన్నవారు రెండు పలకలకూ నెయ్యి రాసి, గరిటెడు పిండి పోసి మూసి, సన్నసెగ మీద నాలుగైదు నిమిషాలు కాల్చండి. పొయ్యి మీద పెట్టే రకమైతే మధ్యలో ఒకసారి తిప్పాలి. ఆవిరి రావడం తగ్గేదాకా మూత తెరవవద్దు, తెరిస్తే అట్టు రెండుగా చీలుతుంది.

వాఫెల్ పెనం లేదని వెనుదీయవద్దు. మీ ఇంట్లో పొంగణాల పెనం ఉండే ఉంటుంది. రాయలసీమలో గుంత పొంగణాలనీ, కొన్ని చోట్ల గుంట పునుగులనీ అంటారే, ఆ పెనమే. గుంటలలో నెయ్యి వేసి, ముప్పాతిక వంతు పిండి పోసి, మూత పెట్టి, అడుగు ఎర్రబడ్డాక పుల్లతో తిప్పండి. గళ్ళు రావు, రుచి మాత్రం అదే. గింజల పిండి త్వరగా మాడుతుంది గనుక సెగ ఎప్పుడూ సన్నగానే ఉండాలి.

గుడ్డు వాడనివారు రెండు పెద్ద చెంచాల అవిసెగింజలు పొడి కొట్టి, ఆరు చెంచాల నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టండి. జిగురుగా తయారవుతుంది. దాన్ని, మరొక అరటిపండును గుడ్లకు బదులుగా వాడండి. ఇవి అంతగా పొంగవు, తిప్పేటప్పుడు విరుగుతాయి కూడా. అందుకని వీటికి పొంగణాల పెనమే వాడండి.

పైన వేసే పండ్ల గుజ్జు వట్టి అలంకారం కాదు. మామిడిపండులోనూ, బొప్పాయిలోనూ ఉన్న పసుపు రంగు పదార్థం నుంచి మన శరీరం ఎ విటమిన్ తయారు చేసుకుంటుంది. ఆ పదార్థం ఒంటికి పట్టాలంటే కొంత నూనె తోడు కావాలి. ఆ నూనె గింజలలో ఉన్నది. జామపండులో సి విటమిన్ మెండు. అది గింజలలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. గింజకు పండు, పండుకు గింజ తోడన్నమాట.

బాగా మగ్గిన బంగినపల్లి పండ్లు రెండు తీసుకొని, ఒకటి గుజ్జు చేసి, రెండవది ముక్కలు కొయ్యండి. గుజ్జును రెండు మూడు నిమిషాలు వెచ్చచేసి, దించి, ముక్కలు, ఒక చెంచా నిమ్మరసం కలపండి. పండు పుల్లగా ఉంటేనే ఒక చెంచా బెల్లం తురుము వెయ్యండి, తీపిగా ఉంటే అక్కరలేదు. మామిడి లేని రోజులలో బొప్పాయి, గింజలు వడకట్టిన జామ గుజ్జు, నేరేడు, ఏది దొరికితే అది వాడండి. సీతాఫలం గుజ్జును మాత్రం పొయ్యి మీద పెట్టకండి, వేడి తగిలితే చేదు ఎక్కుతుంది, పచ్చిదే వేసుకోండి. గుజ్జు ఏదైనా ఆ రోజుకు ఆ రోజే ముగించాలి.

ఒక్కొక్క అట్టులో సుమారు 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, అంటే ఒక కోడిగుడ్డులో ఉన్నదానికంటె ఎక్కువ. బడి నుంచి వచ్చిన పిల్లవాడికి రెండు చాలు. నూనె గింజలు గనుక పెద్దలు కూడా రెంటితో ఆపాలి. మధుమేహం ఉన్నవారు బెల్లం మాని, అట్టు ఒకటి, పండు కొద్దిగా తీసుకోవాలి. కొందరికి వేరుశనగ గాని, జీడిపప్పు గాని, గుడ్డు గాని పడవు. పసిపిల్లలకు మొదటిసారి గోరంత పెట్టి చూడండి. దద్దురు లేచినా, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపొండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. అమెరికాలో అలబామా రాష్ట్రపు టస్కెగీలో జార్జి వాషింగ్టన్ కార్వర్ అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. బానిస కుటుంబంలో పుట్టినవాడు. పత్తి వేసి వేసి సారం పోయిన నేలలలో వేరుశనగ వెయ్యండని పేద రైతులకు చెబుతూ, 1916లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అందులో సాగు పద్ధతితో పాటు వేరుశనగతో చేసే 105 వంటకాలు రాశాడు. పంట ఎట్లా వెయ్యాలో చెప్పినవాడు అది ఎట్లా తినాలో కూడా చెప్పాలని ఆయనకు తెలుసు. మీరు గ్రామానికి వెళ్ళినప్పుడు విత్తనం, ఎరువు, పురుగుమందు సంగతులు చెప్పడంతో సరిపెట్టుకోకండి. అంగన్‌వాడీ కార్యకర్తతో కలిసి ఒక చేటెడు గింజలు అందరి ముందూ ఏరి చూపించండి, ఒక వాయి అట్లు పోసి చూపించండి. ఏరిన గింజలు ఒక పళ్ళెంలో, ఏరివేసినవి ఒక పళ్ళెంలో పక్కపక్కన పెడితే మీరు ఎక్కువ చెప్పవలసిన పని ఉండదు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. ఇంట్లో పండిన వేరుశనగ విషయంలో మనం అట్లాగే ప్రవర్తిస్తున్నాం. బజారులో డబ్బాల పొడులు కొని పిల్లలకు పాలలో కలుపుతాం, కల్లంలో ఉన్న బలాన్ని మాత్రం బస్తాల కెత్తి పంపించి, నొక్కులు ఉంచుకుంటాం. ఈ ఏడు పంట చేతికి వచ్చినప్పుడు మొదట ఇంటి బస్తా తీసి పెట్టండి. బాగా ఎండబెట్టండి, తడి తగలనివ్వకండి, రెండుసార్లు ఏరండి, ఏరివేసినది ఎవరికీ పెట్టకండి. ఆ తరువాత అట్లు పోసుకుంటారో, ఉండలు చుట్టుకుంటారో మీ ఇష్టం.